తీగల మీద ఉప్పు

సామ్రాజ్యానికి ఈ లోకంలో ఒక్కటే శత్రువు, సముద్రం. పేరుకు సామ్రాజ్యమే గానీ ఆమె ఏలుకోవడానికి ఉన్నదల్లా వాకాడుకు తూర్పున, అలల మోత వినబడే పల్లెలో మిషను బడి వాళ్లిచ్చిన రెండు గదుల ఇల్లు, అందులో కృపాదానం అనే మొగుడు, ఆ మొగుడికి ప్రాణమైన ఒక గిటారు. కృపాదానం ఆ బళ్లో అయ్యవారు. అంతకుముందు బిట్రగుంటలో పనిచేసినప్పుడు, ఆస్ట్రేలియా వెళ్లిపోతున్న ఒక ఆంగ్లో ఇండియన్ రైలింజను డ్రైవరు ఆ గిటారును ఆయన చేతిలో పెట్టి పోయాడు. ఆదివారం మిషను గుడిలో ఆయన దాన్ని మీటితే, వలలు బాగుచేసుకునేవాళ్లు కూడా పని ఆపి వినేవారు.

సాయంత్రం ప్రార్థన అయ్యాక తీగలు తుడవడం సామ్రాజ్యం పని. పొడిగుడ్డతో ఒక్కొక్క తీగను రెండు వేళ్ల మధ్య పట్టి, ఆ కొస నుంచి ఈ కొస దాకా లాగాలి.

“పైన కాదుమే, తీగ కింద తుడువు. తుప్పు అడుగునే మొదలవతాది,” అనేవాడు కృపాదానం. ఎప్పుడు మార్చాలో కూడా ఆయనే నేర్పాడు. “శ్రుతి పెట్టినాక నిలవకపోతే, వేలికి గరుకు తగిలితే, మోత తడిసిన చెక్క మాదిరి ఉంటే, ఇంక దాని పని అయిపోయినట్టే. అప్పుడు గూడా మార్చకపోతే తెగి కంట్లో కొడతాది.”

ఆరు నెలలు వచ్చే తీగలు పందొమ్మిది వందల అరవై ఒకటిలో రెండు వారాలకే నల్లబడడం మొదలుపెట్టాయి. సామ్రాజ్యం నడుం బిగించింది. తూర్పు కిటికీకి గోనెపట్టా కట్టింది. గిటారు పెట్టెలో ఎండు బియ్యం మూట పెట్టింది. అదీ చాలక తీగలకు కొబ్బరినూనె రాసింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఉన్న మోత కాస్తా పోయింది.

“గిటారుకు తలంటు పోసినావా?” అని కృపాదానం పడీపడీ నవ్వాడు. నవ్వు చివర దగ్గు వచ్చింది. దగ్గు ఎవరికి రాదు?

పాత తీగలు చుట్టచుట్టి కాగితంలో పెట్టుకుని, గూడూరు మీదుగా నెల్లూరు పోయిందామె. సంతపేటలో గంగాధరం అంగడి ఉంది. హార్మోనియంలు బాగుచేస్తాడు, మద్రాసు నుంచి తీగలు తెప్పించి అమ్ముతాడు.

“తుప్పు పట్టని తీగలుంటే ఇయ్యన్నా. ఆ ఉప్పు గాలితో చస్తున్నా,” అంది.

గంగాధరం పాత తీగను వెలుగులోకి పట్టి చూశాడు. గిటారు మెడమీద మూడు మెట్ల దాకా వచ్చే భాగం నల్లగా, గుంటలు గుంటలుగా ఉంది. ఆ పైన నిగనిగలాడుతోంది.

“ఇది సముద్రం పని కాదమ్మా. గాలికైతే తీగంతా పడతాది. ఇది వేళ్లు పెట్టే కాడనే పడింది. గాలిది గాదు తప్పు, ఆయన చేతులది. ఆ చేతులు...”

అంతే. ఆ మాట ఆమెకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. గూడూరు బస్టాండు హోటల్లో విడిగా పెట్టిన గ్లాసు, చిన్నప్పుడు ఊరిబావి దగ్గర ఎత్తునుంచి దోసిట్లోకి పోసిన నీళ్లు, ఒక్కసారిగా కళ్ల ముందు తిరిగాయి. పైకులం అంగడివాడు వాళ్ల చేతుల గురించి మాట్లాడుతుంటే వినాలా?

“మా ఆయన చేతులకేమొచ్చిందయ్యా? వందమంది పిల్లోళ్లకు అక్షరాలు దిద్దించిన చేతులవి!”

డబ్బులు పడేసి, కొత్త తీగల పొట్లాలు రెండు లాక్కుని అంగడి మెట్లు దిగింది. వెనకనుంచి గంగాధరం అంగడి మెట్లదాకా వచ్చి, “అమ్మా, నేననేది అది గాదు, విని పో తల్లీ!” అని కేకేశాడు. ఆమె తిరిగి చూడలేదు. ఇంటికొచ్చి మొగుడితో కూడా అనలేదు. ఆ మాట తనకు గుచ్చుకున్నది చాలు, ఆయనకు కూడా ఎందుకు?

మొదటి పొట్లం తీగలు తొమ్మిది రోజులకు నల్లబడ్డాయి. సామ్రాజ్యం సముద్రాన్ని తిట్టుకుంటూ తుడిచింది, రెండో పొట్లాన్ని క్రిస్మసుకని దాచింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈమె దొంగను ఇంట్లో పెట్టుకుని కిటికీలు మూసింది. ఆయన చొక్కా కాలరు తడిగా ఉందని ఉతికేటప్పుడు చూసింది. అదీ ఎండాకాలం లెక్కలోకే పోయింది.

వానలు మొదలైన ఆదివారం, కీర్తన మధ్యలో కృపాదానం దగ్గాడు. గిటారు మీద నెత్తురు పడింది.

నెల్లూరు పెద్దాసుపత్రిలో డాక్టరు ఛాతీ ఫోటో చూసి, “సాయంత్రం పూట జ్వరం, చెమటలు ఎన్నాళ్లుగా?” అని అడిగాడు.

ఆమెకు వేళ్లు పెట్టేచోట నల్లబడిన తీగ కళ్ల ముందు నిలిచింది. రోజూ తుడిచింది. ఆ చెమటను తన చేత్తో, తన గుడ్డతో, రోజూ తుడిచింది. తీగలను చూసింది గానీ మనిషిని చూడలేదు.

“ఆరు నెలల ముందర తీసుకొచ్చి ఉంటే బాగుండేదమ్మా,” అన్నాడు డాక్టరు. సూదులు వేశారు, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. కొన్నాళ్లకు కృపాదానం తానే ఇంటికి పోదామన్నాడు. రాగానే రెండో పొట్లం విప్పి, మంచంమీద కూర్చునే తీగలు బిగించుకున్నాడు. “క్రిస్మసుకు వాయిస్తాలే మే,” అన్నాడు. పది రోజులకే పోయాడు. ఆ తీగల మీద వాయించడానికి వేలు పెట్టనేలేదు.

తర్వాత కూడా ఆమె సాయంత్రం పూట తుడవడం మానలేదు. అదే ఇల్లు, అదే ఉప్పు గాలి. తుడిచిన గుడ్డకు మరకే అంటేది కాదు. ఆ తెల్లటి గుడ్డను చూసినప్పుడల్లా ఆమెకు ఏడుపొచ్చేది.

ఏడు నెలల తర్వాత గుడి వాళ్లు ఆ గిటారును అడిగారు. ఇచ్చేముందు తీగలు మార్చాలేమో చూపిద్దామని, దుప్పట్లో చుట్టుకుని సంతపేటకు తెచ్చింది. ముఖం ఎట్లా చూపించాలో తెలియక తలుపు పక్కన నిలబడింది. గంగాధరం ఆమెను గుర్తుపట్టి లోపలికి పిలిచి బల్ల వేశాడు.

“ఆ రోజు చెప్పేలోపల పోతివమ్మా. మా బావమరిదికి ఫిడేలు తీగలు అట్టనే నల్లబడతా వస్తే, చూపిస్తే ఛాతీ జబ్బని తేలింది. ముందర తెలిసింది గాబట్టి బతికినాడు. అయ్యవారిని గూడా డాక్టరుకు చూపించమందామని మెట్లదాకా వచ్చినా.”

సామ్రాజ్యం దుప్పటి కొంగును గట్టిగా పట్టుకుంది. గంగాధరం గిటారు విప్పి, మొదటి మెట్టు దగ్గర వేలు పెట్టి, కిందినుంచి తడిమి చూశాడు. ముఖం వెలిగిపోయింది.

“నా కాడ కొన్న తీగలే, ఇన్నాళ్లయినా ఒక్క మచ్చ గూడా లేదే! మార్చే పనే లేదు. అయితే అయ్యవారికి పూర్తిగా నయమైపోయినట్టుండాదే తల్లీ!”

అంత మంచి మనిషి సంతోషాన్ని చెరపడానికి ఆమెకు మనసు రాలేదు.

“అవునన్నా,” అంది. “ఇప్పుడాయనకు చెమటలు పట్టడం లేదు.”