పూజలో పెట్టిన బూట్లు

తొంభై ఆరు నాటికి ఎనిమిదో నంబరు చొక్కా తొమ్మిదేళ్లుగా నాది. స్టీల్‌ప్లాంటులో మా రోలింగ్ మిల్లు ఫుట్‌బాల్ జట్టుకి మధ్యలో ఆడేది నేనే, వరహాలుని. కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన ఒట్టి కాళ్లతో ఆట నేర్చుకుని ఆ చొక్కా సంపాదించాను. ఆ ఏడు ఆస్ట్రియా నుంచి ఎర్విన్ అనేవాడు దాని మీదికి వచ్చిపడ్డాడు.

అతను వచ్చింది మిల్లులో కొత్త యంత్రం బిగించడానికి. వారం తిరక్కుండానే అతని పాత కథంతా అందరి నోళ్లలో నానింది. వియన్నాలో ఆరేళ్లు, టర్కీలో నాలుగు, గ్రీసులో మూడు, బెల్జియంలో రెండు, అన్నీ మైదానం నడుమ ఆడాడట. మోకాలు పాడయ్యాక చిన్నప్పుడు నేర్చిన ఫిట్టరు పనికి తిరిగొచ్చాడట. ఆట కోసం నేను వెళ్లిన దూరదేశం విజయనగరం.

సాయంత్రాలు మా ప్రాక్టీసుకి వచ్చేవాడు. నలభై రెండేళ్ల మనిషి, పరుగెత్తకుండానే బంతిని కావలసిన చోట పెట్టేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. ఒకరోజు గట్టు మీద కూర్చుని చూసిన మా ఆవిడ గౌరీశ్వరి, "ఆయనెంత నిమ్మళంగా ఆడతన్నాడో సూడు. నువ్వేటి అలా రొప్పుతావు?" అంది. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

ప్లాంటు కప్పు ఫైనల్ విశ్వకర్మ పూజ రోజు సాయంత్రం పడింది. ముందురోజు మా ఫోర్‌మన్, జట్టు కెప్టెను గవర్రాజు నన్ను పక్కకి పిలిచాడు.

"బావా, రేపు ఎనిమిది ఆయనకిచ్చేద్దాం. నువ్వు బయట కూకో. కప్పు మనదే."

"నాను తొమ్మిదేళ్లు ఆడినాను బావా!"

"ఆయన నాలుగు దేశాల్లో ఆడినాడు."

నా దగ్గర ఒక్క దేశమూ లేదు. కుళ్లు మాత్రం కావలసినంత ఉంది.

పూజ రోజు మా వర్క్‌షాపులో పనిముట్లన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, విశ్వకర్మ పటం ముందు వరసగా పేరుస్తాం. పూజలో పెట్టినదాన్ని మర్నాడు కొబ్బరికాయ కొట్టి తీసేదాకా ఎవరూ ముట్టుకోరు. పొద్దున్నే వెళ్లి, జట్టు గదిలో ఉన్న ఎర్విన్ బూట్లు తెచ్చి స్పానర్లకీ సుత్తులకీ మధ్య పెట్టాను. అంత పెద్ద కాలికి సరిపడే ఇంకో జత విశాఖపట్నం మొత్తం వెతికినా దొరకదని నాకు తెలుసు.

"దేవుడి ముందు బూట్లేట్రా?" అని ఎవరో గదమాయించారు.

"ఆయన పనిముట్టు అదే కదా," అన్నాను. హారతి అయిపోయింది. గవర్రాజు ఆ బూట్లనీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

ఎర్విన్ వచ్చి బొట్లు పెట్టిన తన బూట్లని చూస్తూ నిలబడిపోయాడు. అవి పూజలో ఉన్నాయనీ రేపటిదాకా ముట్టకూడదనీ గవర్రాజు ఇంగ్లీషులో చెప్పాడు. ఎర్విన్ కళ్లు తుడుచుకుంటూ ఏదో అన్నాడు.

"పదిహేనేళ్లు క్లబ్బులోలు మోకాలు నొక్కి సూసి నన్ను కొన్నారు, అమ్మినారు. బూట్లకి దణ్ణం పెట్టినోలు మీరే అంటన్నాడు," అని గవర్రాజు చెప్పాడు. "ఎవరు పెట్టినారని అడుగుతన్నాడు."

అందరూ నన్ను చూపించారు. అతను వచ్చి నన్ను గట్టిగా వాటేసుకున్నాడు. ఎనిమిదో నంబరు చొక్కా తెప్పించి తన చేత్తోనే నాకు తొడిగాడు. సిగ్గుతో చచ్చిపోయాను, అయినా తొడిగించుకున్నాను.

మేం గెలిచాం. గెలుపు గోలు నాదే. అందరూ నామీద పడుతుంటే నేను గీత బయట ఉన్న ఎర్విన్ ముఖం వెతికాను, కొంచెమైనా కుళ్లు కనిపిస్తుందేమోనని. అతను చెప్పులు వదిలేసి ఒట్టి కాళ్లతో ఎగురుతూ చప్పట్లు కొడుతున్నాడు.

వెళ్లేటప్పుడు ఆ బూట్లు నాకే ఇచ్చాడు. పన్నెండేళ్లుగా ప్రతి విశ్వకర్మ పూజకీ వరసలో పెడుతున్నాను. వరహాలుకి ఎంత భక్తో అంటారు అందరూ. గవర్రాజు మాత్రం ఏమీ అనడు.

టర్కీ, గ్రీసు సంగతి ఎప్పుడో మరిచిపోయాను. ఆ చప్పట్లు తలుచుకుంటే ఇప్పటికీ కుళ్లే. అతని చోట నేనుంటే నా చేతులు లేచేవి కావు.