కొత్త కోటు మొదట ఎక్కడికెళ్తుంది

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా నాన్నమ్మ, అదే మా దాదీ, అంటుంది. ఉండనీ. ముక్కు మీద కోపంతో పాటు బుర్ర నిండా ప్రశ్నలు కూడా ఉంటాయి, వాటి సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

మాది కోట్లు కుట్టే షాపు. మా నాన్న, అబ్బా అంటాను, కత్తిరిస్తాడు, కుడతాడు. దాదీ కిటికీ పక్కన కూర్చుని కాజాలు కుడుతుంది. నేను కొలతలు రాసుకుంటాను, గుండీలు కుడతాను, కాస్త ఖాళీ దొరికితే కథలు రాస్తాను. ఇరవై ఏళ్ళు నిండాక ఇంకా ఈ రాతలేమిటే అని దాదీ సణుగుతుంది. అబ్బా అయితే అసలేమీ అనడు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. తిట్టినా పోట్లాడొచ్చు. రాసింది చూపిస్తే "కళ్ళజోడు ఎక్కడ పెట్టానో" అంటాడు. కళ్ళజోడు నుదుటి మీదే ఉంటుంది.

నా కథలన్నీ ఒకే ఒక్క ప్రశ్నలోంచి వస్తాయి. కొలతలు రాసుకున్నాక ప్రతి కస్టమర్‌నీ అడుగుతాను: "ఈ కోటు వేసుకుని మొదట ఎక్కడికి వెళ్తారండీ?" అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగితే ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా ఎంత పెడతారో చెప్పలేను. ఒకావిడ ఇరవై ఏళ్ళుగా మాటల్లేని చెల్లెలింటికి వెళ్తానంది. ఒకాయన సిగ్గుపడుతూ పళ్ళ డాక్టర్ దగ్గరికన్నాడు. పళ్ళు చూపించుకోడానికి కొత్త కోటెందుకో అంతుచిక్కక నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. "కందకి లేని దురద కత్తిపీటకెందుకే" అంటుంది దాదీ. ఆ దురద లేకపోతే నాకు కథలే లేవు.

నా పద్ధతి కూడా చెప్పేస్తాను. గీతల నోటుపుస్తకం ముందు పెడితే నాకు ఒక్క ముక్క రాదు, పరీక్ష హాల్లో కూర్చున్నట్టు ఉంటుంది. అబ్బా నమూనాలు గీసే ఖాకీ కాగితమే కావాలి, మొండి పెన్సిలే కావాలి, కత్తిరింపు బల్ల దగ్గర నిలబడే రాయాలి. అబ్బా మధ్యాహ్నం మసీదుకెళ్ళి, భోజనం చేసి వచ్చేదాకా ఆ బల్ల నాది. నేను లోపలి గదిలో నమాజు చదువుకుని బల్ల దగ్గరికొస్తాను. తమాషా ఏమిటంటే, మొదటి వాక్యం ఎప్పుడూ నమాజుకి ముందు చేతులూ మొహం కడుక్కుంటూ వజూ చేసుకుంటున్నప్పుడే తడుతుంది. నీళ్ళు మోచేతుల దాకా వచ్చేసరికి కథలో ఎవరో ఒకరు నడవడం మొదలుపెడతారు. నమాజయ్యేదాకా గుమ్మం బయట చెప్పుల దగ్గర ఆగమని వాళ్ళకి గట్టిగా చెబుతాను. కొందరు వింటారు.

పోయిన నెల రిటైరైన బస్సు డ్రైవర్ ఒకాయన బూడిదరంగు కోటు కుట్టించుకున్నాడు. మామూలుగా అడిగాను. ఆయన అద్దంలోంచి నన్ను చూసి నవ్వి, "చెప్పను" అన్నాడు. ఇన్నేళ్ళలో నాకు ఆ మాట చెప్పిన మనిషి ఆయనొక్కడే. చెప్పకూడని చోటు ఏమై ఉంటుంది? ఎవరికి తెలియకూడదు? ఆయన కోటు పట్టుకెళ్ళిపోయాడు, ప్రశ్న మాత్రం నా నెత్తిన పెట్టి పోయాడు.

మూడు వారాలు రాశాను. మనిషి పొడవు కాగితం నిండింది. ముగింపు ఒక్కటే కుదరలేదు. డ్రైవర్‌ని డిపోకి పంపాను, ఆస్పత్రికి పంపాను, చిన్ననాటి స్నేహితుడింటికి పంపాను. మూడూ కొట్టేశాను. ఇంతలో వీధి చివర లైబ్రరీ మేడమ్, శుక్రవారం సాయంత్రం మన వీధివాళ్ళు రాసినవి చదివిస్తున్నానని, నన్ను కూడా ఒక కథ చదవమంది. నోరు తెరిచి నన్ను కథ అడిగిన మొదటి మనిషి ఆవిడ. ఆ రాత్రి అన్నాల దగ్గర అబ్బాకి చెప్పాను. "శుక్రవారమా" అన్నాడు. అంతే, కంచంలోకి చూసుకున్నాడు.

మా షాపులో కాగితాలకి ఒక కట్టుబాటుంది. రాత పైకి కనిపించేలా చుట్టింది కస్టమర్ నమూనా, దాన్ని ముట్టుకోకూడదు. రాత లోపలికి పోయేలా చుట్టింది పనైపోయిన కాగితం, వెనకవైపు ఎవరైనా వాడుకోవచ్చు. మంగళవారం నేను రాస్తుంటే ఒక కస్టమర్ మెడ సాచి చూడబోయాడు. పూర్తికాని కథ ఒకరు చూస్తే నాకు చిరాకు. గబగబా రాత లోపలికి చుట్టేసి అరలో దూర్చాను.

బుధవారం పొద్దున గుండీలు తేవడానికి బజారుకెళ్ళాను. తిరిగొచ్చి, మధ్యాహ్నం నమాజు చదువుకుని బల్ల దగ్గరికొస్తే చుట్ట లేదు. బల్ల మీద కొత్తగా కోసిన కాగితం నమూనా ఉంది. వీపు, ముందు భాగాలు రెండు, కాలర్, చేతులు రెండు. గబుక్కున తిరగేశాను. వీపు మీద నా డ్రైవర్ పళ్ళు తోముకుంటున్నాడు. కాలర్ మీద బూట్లకి పాలిష్ పెడుతున్నాడు. మధ్యలో మిగిలిన పీలికలు పొద్దున్నే చెత్తబండిలో పోయాయి.

అబ్బా రావడం, నేను మీద పడటం ఒకేసారి జరిగాయి. "ఎవరినడిగి కోశావు?"

"రాత లోపలికుంది" అన్నాడు అయోమయంగా. కాగితం తిరగేసి చూపించాను. చూసి బల్ల అంచు పట్టుకున్నాడు.

కట్టుబాటు ప్రకారం తప్పు నాదే. తప్పు నాదైనప్పుడే నాకు కోపం ఎక్కువ. "శుక్రవారం ఏం చదవాలి నేను? నీకు నా రాతలంటే పాత కాగితం, అంతేగా" అన్నాను. అనేశాక ఆయన మొహం చూసి నాలుక కరుచుకున్నాను. కానీ మాట జారిపోయింది.

అబ్బా నుదుటి మీది కళ్ళజోడు కిందికి లాక్కున్నాడు. కొత్త కాగితం పరిచి, ముక్కల్ని ఒక్కొక్కటే దాని మీద పేర్చడం మొదలుపెట్టాడు. "కాగితం కలిసొస్తుందని ఈ చెయ్యి తలకిందులుగా గీశాను, వీపు పక్కన" అని తనలో తనే అనుకుంటూ, పొద్దున ఏది ఎక్కడ గీశాడో అక్కడే పెట్టాడు. వాక్యాలు ఒకదానికొకటి ఎదురొచ్చాయి. మధ్యలో ఖాళీలు మిగిలాయి.

"ఇక్కడేముండేది?" అన్నాడు, వీపుకీ చేతికీ మధ్య వేలు పెట్టి.

"పళ్ళు తోముకుంటూ పాట గుర్తు తెచ్చుకుంటాడు."

"ఏ పాట?"

చెప్పాను. జిగురు రాసి, నేను ఖాళీ పూరించేదాకా ఆగాడు. తర్వాత ఖాళీ. "బూట్లు అంత తోమాడు కదా, ఎవరు చూస్తారని?" ఇంకో ఖాళీ. "ఇంట్లో ఇంకెవరూ లేరా?" ఇన్నేళ్ళలో అబ్బా నన్ను ఒకే పూటలో ఇన్ని అడగలేదు. నా కోపం ఎప్పుడు చల్లారిందో నాకే తెలీదు.

"సరే, చివరికి ఎక్కడికెళ్ళాడు?"

"అదే తెలియట్లేదు అబ్బా."

అప్పుడే పక్కపక్కన ఉన్న రెండు ముందు భాగాల మీద నా చూపు ఆగింది. ఎడమ భుజం అరంగుళం కిందికుంది. మా కస్టమర్ల భుజాలన్నీ నాకు కంఠతా వచ్చు. ఇది వాళ్ళెవరిదీ కాదు.

"ఈ కోటు ఎవరిది?"

"కస్టమర్‌ది."

"రిజిస్టర్‌లో లేదే?"

కిటికీ దగ్గర దాదీ కాజా మీదికి మరీ వంగిపోయింది. దాదీ నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటిది పెదాలు బిగించి కూర్చుంది. నేను అబ్బా వైపు తిరిగాను. ముప్పై ఏళ్ళు మిషన్ మీదికి వంగి వంగి ఎడమ భుజం జారిపోయిన మనిషి ఈ వీధిలో ఒక్కడే. వీధంతటికీ కోట్లు కుట్టాడు గానీ, నాకు తెలిసి తనకంటూ ఒక్కటి కుట్టుకోలేదు. మసీదుకైనా పెళ్ళికైనా అదే గోధుమరంగు స్వెట్టర్.

గొంతు సవరించుకుని, కస్టమర్లని అడిగినట్టే అడిగాను. "ఈ కోటు వేసుకుని మొదట ఎక్కడికి వెళ్తారండీ?"

అబ్బా కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. నా వైపు చూసి నవ్వాడు.

"చెప్పను" అన్నాడు.

"చెప్పడానికేముంది" అంది దాదీ, ఇక ఆపుకోలేక. "శుక్రవారానికల్లా కావాలని పొద్దుట్నుంచీ నా ప్రాణం తోడేస్తున్నాడు. ముందు వరసలో కూర్చుంటాడట."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. నా కథ వినడానికి కోటు కావాలని, నా కథనే కోసిపెట్టాడు మా అబ్బా. డ్రైవర్ నాకెందుకు చెప్పలేదో నాకిప్పటికీ తెలీదు. నా కథలో డ్రైవర్ ఎందుకు చెప్పడో మాత్రం అప్పుడు తెలిసింది. ఎవరి కోసం వెళ్తున్నాడో ఆ మనిషే ఎదురుగా నిలబడి, ఎక్కడికని అడుగుతోంది.

కళ్ళు తుడుచుకుని పెన్సిల్ అందుకున్నాను. అబ్బా కత్తెర అందుకున్నాడు. శుక్రవారానికి రెండు రోజులే ఉన్నాయి, ఆయన కోటు కావాలి, నా ముగింపు కావాలి. బల్ల చెరిసగం పంచుకున్నాం.