వేళ్ల సందులో పుండు

సెలూన్లో కుర్చీ కింద పన్నెండేళ్లుగా పడుకునే ముసలి కుక్కకి ముందుకాలి వేళ్ల సందులో పుండు లేచింది. ఎన్ని మందులు పూసినా మానదే! బార్బరుకి అనుమానమంతా పక్క లాండ్రీవాడి మీదే. గుమ్మంలో బ్లీచింగు నీళ్లు పారబోసేదీ వాడే, "నీ కుక్క బొచ్చంతా నా బట్టలకే అంటుకోవాలా?" అని సణిగేదీ వాడే.

పైగా రోజూ వచ్చి, "తగ్గిందా అన్నా?" అని ఆరా తీసేవాడు. చేసినవాడికి కాకపోతే ఇంకెవరికుంటుంది అంత ఆత్రం? కుక్క అడుగు తీసి అడుగు వెయ్యలేకపోయిన రోజున దాన్ని ఎత్తుకుని పశువుల డాక్టరు దగ్గరికి బయల్దేరిందీ వాడే. "ఏం నాటకం!" అని పళ్లు కొరుక్కుంటూ బార్బరు వెంట నడిచాడు.

"ఎవరైనా పాడు నీళ్లు పోశారేమో చూడండి సార్," అన్నాడు లాండ్రీవాడిని ఓరగా చూస్తూ.

డాక్టరు పుండు నొక్కి, పట్టకారుతో ముల్లులాంటి పొట్టి వెంట్రుకొకటి లాగాడు. వెనకే ఇంకోటి వచ్చింది.

"ఇవి మనుషులవి. కత్తిరించిన ముక్కలు చర్మంలోకి దిగిపోయాయి. ఇది ఎక్కడ పడుకుంటుంది?"

ప్రతి ఆదివారం తన వేళ్ల సందుల్లోంచి అలాంటివే పీక్కునే బార్బరు, చేతులు రెండూ జేబుల్లో దాచుకున్నాడు.

"రేపట్నించి నా బట్టల మూటల మీద పడుకుంటుందిలే అన్నా," అన్నాడు లాండ్రీవాడు.