నాన్న తిన్నానని చెప్పిన పూట

మా ఊరి యూదుల సమాజమందిరానికి తలుపులు లేవు, ఉండాల్సిన చోట గోడే ఉంది, చేతులతో తడుముకుంటూ ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి అది గుంటూరులో నేను డైటీషియన్‌గా కూర్చునే గది అయిపోతుంది, బెంచీ మీద వరసగా కూర్చున్న షుగర్ పేషెంట్లందరూ మా నాన్నే. తెల్ల లాల్చీ, నెత్తిన చిన్న టోపీ, నిరుడు యోమ్ కిప్పూర్ నాడు, పాపాలు క్షమించమని మేమంతా పొద్దు గుంకేదాకా ఉపవాసముండే రోజున, పోయినప్పుడు ఎలా ఉన్నాడో అచ్చం అలాగే. నాకు భయం లేదు, ఒళ్ళు మండుతోంది.

"అర కప్పు అన్నం, కప్పు ఆకుకూర, పప్పు మాత్రం గట్టిగా..." రోజూ చెప్పే పాఠం నా నోట్లోంచి దానంతటదే వస్తోంది, ఆపుదామన్నా ఆగదు.

"నాకెందుకే ఇయ్యన్నీ ఇప్పుడు?" అంటాడు నాన్న.

"ఎందుకా? పొద్దున్నే ఇన్సులిన్ వేయించుకుని, నేను పెట్టిన ఇడ్లీ తిన్నానని అబద్ధం చెప్పి, పస్తుండి ప్రాణం మీదికి తెచ్చుకున్నావు గదా, అందుకు! జబ్బుమనిషి ఆ రోజు తింటే పాపం కాదు, తినకపోతేనే పాపమని తోరా గ్రంథం ముందు పెట్టుకుని మరీ అందరికీ చెప్పింది నువ్వేగా నాన్నా!"

గది చిన్నదవుతోంది, బల్ల వచ్చి నా కడుపుకు ఒత్తుకుంటోంది, గోడలన్నీ ప్రార్థన చేసుకునే మనుషుల వీపులైపోయాయి, పిలిచినా ఒక్కరూ ఇటు తిరగరు.

"మందిరానికి పెద్దోణ్ణి గదా, అంతమంది ముందు గ్లాసెత్తి ఎట్టా తాగేది? సిగ్గేసింది," అంటాడు చివరికి. "మీరంతా భక్తి అనుకున్నారు. ఉత్త పంతమే అది."

"నాకైనా చెప్పొచ్చుగా?"

"చెప్తే తినిపిస్తావుగా!"

నవ్వొస్తుంది, దాంతోపాటే ఏడుపూ వస్తుంది.

"సరేగానీ కెజియా, ఇయ్యాల నువ్వేం తిన్నావ్?"

ఆయన పోయిన ఆరు నెలలకే నాకూ ఇన్సులిన్ మొదలైందని ఆయనకెవరు చెప్పారో. పొద్దున సూది వేసుకున్నాను, మెతుకు ముట్టలేదు, ఊరందరికీ తిండి సంగతులు చెప్తూ కన్నతండ్రినే కనిపెట్టలేకపోయినదాన్ని, ఆయన తినకుండా పోయిన ఈ ఉపవాసం రోజున నాకు ముద్దెలా దిగుతుంది.

"ఒసే పిచ్చిదానా, నా తప్పు నువ్వూ చేస్తే నాకేం ఒరుగుద్దే? లే, బయటికి పో!"

"ఎటు పోను, తలుపేదీ!" అని అరుస్తాను, కాలు కదలదు, నాన్న నన్ను తొయ్యడానికి వస్తూనే ఉంటాడు, ఎంత నడిచినా బల్లకు అవతలే ఉంటాడు.

కళ్ళు తెరిచాను. మందిరంలో మధ్యాహ్నం ప్రార్థన ఆగిపోయి ఉంది, అందరూ నావైపే చూస్తున్నారు. నేను ఆడవాళ్ళ చాప మీద గోడకు జారగిలబడి ఉన్నాను, జాకెట్టు చెమటకు తడిసి ముద్దయింది. అమ్మ నా బుగ్గలు తడుతోంది, ఆమె చేతిలో పంచదార నీళ్ళ గ్లాసు.

"పొద్దు గుంకేదాకా ఆగుదామమ్మా," అన్నాను. మాట నాకే సరిగా వినపడలేదు.

"నోర్ముయ్. నిరుడు మీ నాన్నకీ ఇట్టాగే చెమటలు పోసినయ్. నిద్దరోతున్నాడులే అని లేపలా నేను."

ఆ మాట అమ్మ ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదు. గ్లాసు పళ్ళకు తగిలి టకటకలాడింది. అందరూ చూస్తుండగానే మొత్తం తాగాను.