మనవాళ్ల కాలేజీ

కూతుర్ని ఇంటర్లో అందరూ బామ్మ అని పిలుస్తారన్న సంగతి ఆదిశేషయ్యకు ఆ చదువు అయిపోయిన రోజున గాని తెలియలేదు. టీసీ తీసుకుని ఇద్దరూ మెట్లు దిగుతుంటే పైనుంచి ఒక పిల్ల "బామ్మా, ఉంటానే" అని కేకేసింది. ఎవరో పెద్దావిడ వచ్చిందనుకుని ఆయన పక్కకు తప్పుకున్నాడు. సింధూరి వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది.

ఆదిశేషయ్యకు ఆటోనగర్‌లో రేకుల షెడ్డుంది. బస్సులకు, లారీలకు సొట్టలు తీస్తాడు. చల్లపల్లి దగ్గర పల్లెలో పదో తరగతితో ఆయన చదువు సరి. భార్య శివపార్వతి పోయి నాలుగేళ్లయింది. ఆమె పోయిన రోజున దేవుడి గూట్లోని దీపపు కుంది తీసి పెరట్లోకి విసిరేశాడు. కర్మకాండ ముగిశాక పిల్ల దాన్ని వెతికి తెచ్చి, చింతపండు పెట్టి తోమి, మళ్లీ వెలిగించింది. ఆయన వద్దనలేదు. ఆ గూటివైపు చూడటం మానేశాడు.

తల్లి పద్ధతులన్నీ పిల్ల ఒక్కొక్కటే ఎత్తుకుంది. శుక్రవారం తలస్నానం, కార్తీకంలో నీచు ముట్టకపోవడం, పెద్దల మాటకు ఎదురు చెప్పకపోవడం. అభిప్రాయాలు మాత్రం తల్లివి కావు. శివపార్వతికి అభిప్రాయాలు చెప్పే తీరిక ఏనాడూ దొరకలేదు. అవి పిల్ల సొంతం. కూర తాలింపు పెడుతూ ఫోన్లో పార్లమెంటు చర్చలు వింటుంది. ఇంటర్లో వక్తృత్వపు పోటీకి ఎక్కి, దేశానికంతా ఒకే చట్టం ఉండాలని, పెద్దలు కుదిర్చిన పెళ్లే గట్టిదని, బాధ్యత లేని స్వేచ్ఛ తెగిన గాలిపటమని చెప్పింది. మొదటి బహుమతి వచ్చింది. దాంతోపాటే బామ్మ అనే పేరూ వచ్చింది.

ఇప్పుడు బీయే చదువుతానంటోంది, రాజనీతి శాస్త్రం. హాస్టల్లో ఉండాలి, ఎందుకంటే ఆయన షెడ్డు నుంచి ఇంటికి ఏ వేళకు చేరతాడో ఆయనకే తెలియదు. ఇంకో మూడేళ్లు ఈ పిల్ల నవ్వులపాలు కాకూడదు. ఆదిశేషయ్య కోరింది అంతే.

బావమరిది రామకోటేశ్వరరావు ఫోన్ చేసి, మనవాళ్ల కాలేజీ ఉండగా ఊరంతా తిరగడం ఎందుకన్నాడు. ఉయ్యూరుకు ఇవతల, బందరు రోడ్డు మీదేనట. ఆవరణలో గుడి ఉందట. ఆడపిల్లలకు మెట్లు వేరు, బస్సులు వేరు. తల్లో తండ్రో వస్తేగాని గేటు దాటనివ్వరట.

"మన సింధూరికి కొలత తీసి కుట్టినట్టు ఉంటది బావా."

మనవాళ్ల సంగతి ఆదిశేషయ్యకు తెలుసు. శివపార్వతి ఆస్పత్రిలో పడున్నన్నాళ్లు వరండాలో ఆయన తప్ప ఇంకొకడు లేడు. పెద్దకర్మ భోజనాలకు మాత్రం విస్తళ్లు చాల్లేదు. బావమరిది ఆ రోజు వడ్డన తానే చూసుకున్నాడు.

అయినా వెళ్లాడు. మనవాళ్లు అనే మాటకు అంత బలముంది ఈ జిల్లాలో. కాలేజీ అయినా, ఆస్పత్రి అయినా ముందు ఎవరిదని అడుగుతారు, ఎట్టాంటిదని తర్వాత అడుగుతారు. ఎవరిదో తెలిశాక రెండోది అడగడం మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

కాలేజీ తుడిచిన అద్దంలా ఉంది. ఎక్కడా చప్పుడు లేదు. కరస్పాండెంటు భానుచందర్‌ సింధూరి జడనూ బొట్టునూ చూసి మురిసిపోయాడు. ఈ రోజుల్లో ఇట్టాంటి పిల్లలు ఎక్కడున్నారని రామకోటేశ్వరరావును అడిగాడు. బావమరిది తనే కన్నట్టు నవ్వాడు. గదిలో దీపం పెట్టుకోవచ్చా అని సింధూరి అడిగింది. గుళ్లో పంతులుగారు పెడతారు, మీరు వరసలో నిలబడి దణ్ణం పెట్టుకుంటే చాలన్నాడు కరస్పాండెంటు. ఇక్కడ చర్చలూ పోటీలూ జరుగుతాయా అని అడిగింది.

"రాజకీయాల్ని కాంపౌండులోకి రానివ్వమమ్మా. ఏ పార్టీవీ వద్దు మాకు."

"పార్టీ కాదండీ. అభిప్రాయం."

భానుచందర్ ఆ మాట పిల్లకు కాక తండ్రికి జవాబు చెప్పాడు. "బంగారం లాంటి పిల్లండీ. దీనికి రాజకీయాలెందుకు చెప్పండి? కంప్యూటర్స్‌లో పడేయండి. మూడేళ్లు కళ్లు మూసుకుంటే మంచి సంబంధం నేనే చూసి పెడతా."

రామకోటేశ్వరరావు నవ్వాడు. పక్కన కాగితాలు పట్టుకుని నిలబడ్డ గుమాస్తా కూడా నవ్వాడు.

సింధూరి లేచి నిలబడింది. "సంబంధం మా నాన్న చూస్తారండీ. మీరు కాలేజీ సంగతి చెప్పండి."

నవ్వు ఆగిపోయింది. నోరుంది పిల్లకి, అన్నాడు భానుచందర్, అదేదో జబ్బయినట్టు. బయటికొచ్చాక మేనమామ చెట్టు కింద నిలబెట్టి చీవాట్లు పెట్టాడు. తల్లి లేని పెంపకం అని కూడా అన్నాడు. ఆ మాట విన్నాక ఆదిశేషయ్య మళ్లీ అతని కారు ఎక్కలేదు. కూతుర్ని తీసుకుని రోడ్డు మీదికి నడిచాడు.

బస్సులో సింధూరి కిటికీలోంచి చెరకు తోటలు చూస్తూ అడిగింది. "పెద్దాయనతో తప్పుగా మాట్లాడానా నాన్నా?"

"లేదు."

అంతకంటే చెప్పే ఓపిక ఆయనకు లేదు. ఉన్నా రాదు.

రెండో కాలేజీ పిల్ల ఎంచుకున్నది, అదే మధ్యాహ్నం వెళ్లారు. బెజవాడలోనే, కాలువ గట్టు పక్కన, గోడలు పెచ్చులూడిన పాత కాలేజీ. గేటు నుంచే ఎర్రక్షరాల పోస్టర్లు, పిడికిళ్ల బొమ్మలు. ఆదిశేషయ్య అక్కడే ఆగిపోయాడు. ఇక్కడ నిన్ను నమిలి ఊస్తారు, పోదాం పద అన్నాడు. వచ్చాం గదా అంది పిల్ల.

రాజనీతి శాస్త్రం చెప్పే రామతులసి నెరిసిన జుట్టుకు రంగు వేయని మనిషి. ఇంటర్లో ఏం మాట్లాడి బహుమతి కొట్టావో చెప్పమంది. సింధూరి నిలబడి మొత్తం చెప్పింది. కిటికీ అవతల ఇద్దరు పిల్లలు విని పకపకా నవ్వారు. ఆదిశేషయ్య పిడికిలి బిగిసింది.

రామతులసి కిటికీవైపు తిరిగింది. "నవ్వు జవాబు కాదు. జవాబుంటే లోపలికొచ్చి చెప్పండి."

ఒకడు జారుకున్నాడు. రెండోది ఆడపిల్ల. ఆమె లోపలికొచ్చి, పెద్దలు కుదిర్చిన పెళ్లి అంత గట్టిదైతే మా అక్క పుట్టింట్లో ఎందుకుందో చెప్పమంది. సింధూరి ఒక్క క్షణం తడబడి, తర్వాత అందుకుంది. రామతులసి ఇద్దరినీ కాసేపు వాదించుకోనిచ్చి, సింధూరితో చెప్పింది. "నువ్వన్నదాంట్లో సగం నేనొప్పుకోను. ఎందుకో ఏడాది పొడుగునా చెప్తా. కాదని నువ్వు రాస్తే మాత్రం మార్కులు కొయ్యను."

"ఆ సగం ఏదండీ?"

"ముందు కూర్చో."

ఆదిశేషయ్య వరండాలోకి వచ్చేశాడు. లోపల కూతురి గొంతు లేస్తోంది. కూరగాయల బండి దగ్గర బేరమాడేటప్పుడు శివపార్వతి గొంతు అట్టాగే లేచేది. ఇంట్లో ఆ గొంతు వినపడక నాలుగేళ్లయింది. ఆయన స్తంభానికి చేరబడి కళ్లు మూసుకున్నాడు.

హాస్టల్ వార్డెను పేరు హెప్సిబా. గదిలో దీపం కుదరదు, కిందటేడు కర్టెన్ అంటుకుందని తెగేసి చెప్పింది. కావాలంటే వెనక వరండాలో పెట్టుకోవచ్చు. కాకపోతే కాలువ గాలి అక్కడ అగ్గిపుల్లను కూడా నిలవనివ్వదు.

"నేను తెల్లారకముందే ప్రార్థన చేసుకుంటానండీ, గట్టిగానే. ఇబ్బందనుకుంటే ఇప్పుడే చెప్పమనండి," అంది ఆవిడ ఆదిశేషయ్యతో.

"నేనూ స్తోత్రాలు గట్టిగానే చదువుతానండీ," అంది సింధూరి.

హెప్సిబా ఆ పిల్లను ఎగాదిగా చూసి, సరే అయితే, ముందు ఎవరు లేస్తారో చూద్దాం అంది.

గేటు దాటాక ఆదిశేషయ్య అన్నాడు. "ఇక్కడా నవ్వారు."

"నవ్వారు నాన్నా. అక్కడ నవ్వింది పెద్దాయన. తిరిగి చెప్తే పొగరు. ఇక్కడ నవ్వినోళ్లకి చెప్పొచ్చు."

పోస్టర్లు ఆయనకు నచ్చలేదు. ఆ లెక్చరరు సగం ఒప్పుకోనని మొహం మీదే అనడం అంతకంటే నచ్చలేదు. కాని నచ్చే చోటు ఎట్టా ఉంటుందో పొద్దునే చూసొచ్చాడు.

పిల్ల సీటు ఖాయం చేసుకున్నాక బావమరిది ఫోన్ చేశాడు. ఎర్రజెండాల కాలేజీలో వేశావంట, మనవాళ్లు ఏమనుకుంటారు బావా అన్నాడు.

"ఆస్పత్రి వరండాలో అడగాల్సింది ఆ మాట," అని ఆదిశేషయ్య ఫోన్ పెట్టేశాడు. మళ్లీ మోగితే ఎత్తలేదు. ఇక ఎత్తడు కూడా.

హాస్టలుకు పోయే ముందు రోజు ఉదయం షెడ్డులో ఒక పాత బస్సు డోరు రేకు పక్కన పెట్టుకున్నాడు. మూడు వైపులా మూసి, పైన వాలుగా కప్పి, ముందు తెరిస్తే కాలువ గాలి లోపలికి రాదు. కాని ఎంత ఎత్తు కావాలో తెలియలేదు. ఊహించి కోస్తే సెగకు కప్పు కాలుతుంది, లేదా గాలి దూరుతుంది. పనివాణ్ణి చూసుకోమని ఇంటికొచ్చాడు.

సింధూరి పెట్టె సర్దుకుంటోంది. ఆయన చెప్పులు విడిచి తిన్నగా గూటి దగ్గరికి వెళ్లి కుంది పక్కన చెయ్యి నిలబెట్టాడు. దీపం వెలుగుతోంది. కుంది జానెడు కూడా లేదు. మంట దానిమీద మరో రెండు వేళ్లు.

పిల్ల బట్టలు మడవడం ఆపి చూస్తోంది.

"దేవుడి కోసం కాదు," అన్నాడాయన, అటు తిరక్కుండానే.

"తెలుసు నాన్నా."

వేళ్లకు సెగ తగిలేదాకా చెయ్యి అక్కడే ఉంచాడు. బెత్తెడు ఎత్తు ఎక్కువ పెట్టాలనుకుంటూ షెడ్డుకు బయల్దేరాడు.