మడతలు మార్చే పని

పేపరు గ్లాసులు తెప్పించినావా అని అత్త రత్నమ్మ నీలావతిని పొద్దున్నుంచి మూడుసార్లు అడిగింది. పెనుకొండ నుంచి వినపడని పిల్లలు ఆరుమంది, ధర్మవరంలోని వీళ్ల పట్టుచీరల అంగడికి పని ఎట్లుంటుందో చూసి నేర్చుకునేదానికి వస్తాండారు. వాళ్లు తాగిన స్టీలు గ్లాసుల్లో మనమెట్ల తాగేది అని ఆమె బాధ. చెవుడు ఎంగిలితో అంటుకుంటుందా అత్తా అన్న మాట నీలావతి నోటిదాకా వచ్చింది. మింగేసింది. పెండ్లయిన పదకొండేండ్లుగా మింగి మింగి ఇంక కడుపులో చోటే లేదు.

తెల్లారి వంట కాగానే అంగట్లో కూర్చుని బీరువాల్లో చీరలన్నిటికీ మడతలు మార్చేది ఆమే. ఒకే మడతలో నెలలు పడుంటే పట్టు ఆ గీత మీదే చీలుతుంది, జరీ విరుగుతుంది. ఎవరన్నా అడిగితే మొగుడు వేణుమాధవ్, "ఏం లేదప్పా, ఇంట్లో పొద్దుపోక వచ్చి కూచుంటుంది" అంటాడు.

పిల్లలొచ్చినారు. వేణుమాధవ్ వాళ్లను అంగడి పేరున్న బ్యానరు ముందు నిలబెట్టి శాలువాలు కప్పినాడు. ఒక పిల్ల తల పక్కకు తిప్పితే, సంతలో దూడను చూపించినట్లు గడ్డం పట్టుకుని కెమెరా వైపు తిప్పినాడు. ఛీ, అనుకుంది నీలావతి. ఆ చెయ్యి తన మొగుడిది కావడం ఇంకా రోత. ఫోటోలయినాక, ఇంక నువ్వే చూసుకో అని ఆయన గల్లా దగ్గర ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు.

తల తిప్పిన ఆ పిల్ల పేరు సింధూర. పద్దెనిమిదేండ్లు. ఈడ నేర్పినవాళ్లు కాగితం మీద మంచిమాట రాస్తేనే హిందూపురంలో ఒక అంగడివాళ్లు పని ఇస్తారని, లేకుంటే ఇంట్లో మేనమామకు కట్టబెట్టేస్తారని పిల్లల్ని తోడుకొచ్చిన పంతులు ఏసుదాసు చెప్పినాడు. నీలావతి ఒక చీర విప్పి, పాత గీతను చూపించి, వేలితో నిమిరి కొత్త చోట మడిచింది. సింధూర లేచి పొయ్యి చేతులు కడుక్కుని, తడి ఆరిందో లేదో చెంపకు ఆనించి చూసుకుని మరీ చీర పట్టుకుంది. ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. సాయంత్రానికి రెండు అరలు సర్దేసింది. తన పనిని ఒక మనిషి అంత శ్రద్ధగా చూడటం నీలావతికి ఇదే మొదటిసారి.

పోయేముందు ఏసుదాసు సింధూర కాగితం తీసినాడు. వేణుమాధవ్ దాన్ని లాక్కుని, పని నేర్పినవారు అన్నచోట తన పేరు రాసి, కింద 'గిరాకీలతో మాట్లాడలేదు, అంగట్లో పనికిరాదు' అని గీకి పారేసినాడు. పొద్దున్నుంచి ఆ పిల్ల చేతుల వైపు ఒక్కసారి చూసింటే ఒట్టు. సింధూర అది చదువుకుంది. మొహం మాడిపోయింది.

నీలావతి సింధూర చేతిలోంచి దాన్ని తీసుకుంది. కాగితాన్ని నిలువునా చించి, ఇంకొకటి అడిగి రాసింది. 'పని నేర్పినవారు: నీలావతి. పట్టుచీరల పనిలో పదకొండేండ్లు. ఈ అమ్మాయికి పని వచ్చింది.' కింద సంతకం పెట్టింది.

"నీకేం తెలుసని సంతకం పెడతాండావు?" అన్నాడు వేణుమాధవ్.

ఆమె కాగితాన్ని సింధూర చేతికిచ్చింది.

"హిందూపురం అంగడివాళ్ల నంబరు నాక్కూడా ఇయ్యండి సార్," అనింది ఏసుదాసుతో. "నాకూ పని కావల్ల."