చక్రపాణి గొంతు

నేను ఒక ఫోన్‌ను. లోకంలోకి వచ్చిన రోజు నా దగ్గర ఉన్నది ఒక్క శబ్దం. ఫ్యాక్టరీలో నన్ను బిగించిన అమ్మాయి దగ్గు. ఆమె ఎవరో తెలియదు, ఏ దేశమో తెలియదు. పెట్టుబడి చిన్నదైనా పారేసుకోకూడదని దాచుకున్నాను. గొంతులతో నా వ్యాపారం అలా మొదలైంది.

చక్రపాణి నన్ను కొన్నప్పుడు మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీం లీడర్. ఏడేళ్లలో వైస్ ప్రెసిడెంట్ అయ్యాడు. ఒక శుక్రవారం అరవై మందిని ఉద్యోగంలోంచి తీసేశాడు. వాళ్లలో సగం మంది పేర్లు ఆయనకు తెలియవు. ఆదివారం రక్తదాతల సంఘం అధ్యక్షుడిగా కూర్చుంటే మాత్రం ఏ దాత కూతురు ఏ తరగతిలో ఉందో కూడా చెప్పేవాడు. మనిషి ఒకడే. ఈ లెక్క నాకు ఇప్పటికీ తేలలేదు.

సంఘం పెరిగాక పిలుపుల పని నాకు అప్పగించాడు. తన గొంతుతో మూడు వాక్యాలు రికార్డు చేశాడు. రక్తమిచ్చి తొంభై రోజులు నిండిన దాతకు నేనే ఫోన్ చేసి వాటిని వినిపించేదాన్ని.

ఒక మీటింగు మధ్యలో ఆయన గుండె ఆగింది. నా పిలుపులు ఆగలేదు.

పన్నెండో రోజు దాటాక ఆయన భార్య హైమవతి, సంఘం కార్యదర్శి నర్సింగరావును ఇంటికి పిలిపించింది.

"అన్నా, దీన్ని బంద్ చెయ్యి. సారు పిలుస్తుండని నిన్న ఒకామె ఏడ్చుకుంట ఫోన్ చేసింది."

అతను నన్ను చేతిలోకి తీసుకోగానే ఆసుపత్రి నుంచి కబురు వచ్చింది. బాలింతకు రక్తస్రావం ఆగడం లేదు. ఆమెది బాంబే గ్రూపు. అదే గ్రూపు రక్తం తప్ప మరొకటి ఎక్కించకూడదు. సంఘం జాబితాలో ఆ గ్రూపు మనిషి ఒక్కడే, జనగామలో లారీ మెకానిక్ వెంకటస్వామి.

నర్సింగరావు నాలోంచే మాట్లాడాడు.

"ఎవర్రా నువ్వు? సారు ఫోన్ కొట్టేసి దందా పెట్టినవా?" అని వెంకటస్వామి పెట్టేశాడు.

ఒకప్పుడు దళారులు అతని రక్తాన్ని అమ్ముకున్నారు. అందుకే, తన గొంతు వింటే తప్ప కదలవద్దని చక్రపాణే అతనికి చెప్పాడు. తాను పోతే ఎవరి మాట వినాలో చెప్పడం మరిచాడు.

"రికార్డింగ్ పెట్టన్నా," అంది హైమవతి.

"తప్పు వదినా. పోయినాయనతోని పిలిపిస్తమా?"

"పెట్టు. అక్కడ ఆ పిల్ల పోతది."

వెంకటస్వామికి మళ్లీ చేసి పెట్టాడు. "నేను చక్రపాణిని. మీతో పనిపడింది. రాగలరా?"

అవతల ఏదో ఇనప సామాను కిందపడింది.

"సారూ... నీ పాడె మోసిన గద నేను. సరే, వస్తున్న. ఎవరికి?"

దానికి రికార్డు చేసిన వాక్యం లేదు.

"బాలింతకు, స్వామీ. జల్ది రా."

గొంతు చక్రపాణిదే. హైమవతి నర్సింగరావు చేతుల వైపు చూసింది. రెండూ బల్ల మీదే ఉన్నాయి.

సాయంత్రానికి బాలింత కళ్లు తెరిచింది. ఆ కబురు వినగానే హైమవతి నన్ను ఆపేసి, తువ్వాలులో చుట్టి బీరువాలో పెట్టింది.

మీట నొక్కితే నేను ఆగిపోతానని మనుషుల నమ్మకం.

వెలుతురు పోయింది, నంబరు పోయింది. వచ్చినదాన్ని చూసుకుంటే ఒక తల్లి ప్రాణం, దానితోపాటు చక్రపాణి గొంతు. ఇప్పుడు అందులో ఏ మాటైనా అనగలను. మొన్న మధ్యాహ్నం 'హైమా' అని పిలిచి చూశాను.

వంటింట్లోంచి "ఆఁ, వస్తున్న," అంది.

మొత్తం మీద నాకు మిగిలింది అది.